బాబాయి కొట్టూ, బూటబుల్ పెన్‌డ్రైవూ

మా బాబాయికి నరసరావుపేటలో ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. 2016లో, నేను బీటెక్ మూడో సంవత్సరంలో ఉన్నప్పుడు, ఓ ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి "ఒరేయ్, కంప్యూటర్ తెర నల్లగా అయిపోయింది, ఏదో బూటు పోయిందంటోందిరా" అన్నాడు. బూట్ మేనేజర్ కనపడటం లేదని విండోస్ 7 మొర పెట్టుకుంటోందన్నమాట. అప్పటికే ఊళ్ళో రిపేర్ కుర్రాడు వచ్చి చూసి, "ఫార్మాట్ కొట్టాల్సిందే, డేటా సంగతి నాకు తెలీదు" అని తేల్చేసి వెళ్ళాడట. ఆ డేటా అంటే టాలీలో ఉన్న లెక్కలు. మా వైపు పత్తి రైతులూ మిర్చి రైతులూ మందులు అరువు మీదే పట్టుకెళ్తారు, పంట చేతికొచ్చాక కడతారు. ఎవరు ఎంత బాకీ అనేది ఆ డబ్బాలోనే ఉంది.

హాస్టల్లో ఒకడి దగ్గర 8 జీబీ పెన్‌డ్రైవు అడుక్కుని, దాంట్లోకి రూఫస్‌తో ఉబుంటు ఎక్కించుకుని బస్సెక్కాను. కొట్లో కూర్చుని పెన్‌డ్రైవు గుచ్చి, ఎఫ్12 నొక్కి, దాన్నుంచి బూట్ చేశాను. రెండు నిమిషాల్లో డెస్క్‌టాప్ వచ్చింది. హార్డ్‌డిస్కు తెరిస్తే ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. టాలీ ఫోల్డరు కాపీ చేసి ఇచ్చాను. ఆ రోజు నుంచీ బాబాయి దృష్టిలో నేను డాక్టర్ని. నా ఫీజు ఒక ప్లేటు బిర్యానీ.

ఏడేళ్ళ తర్వాత, 2023 అక్టోబర్లో, అదే కొట్టు నుంచి అదే ఫోను. ఈసారి కొత్త లాప్‌టాపు, విండోస్ 11. నేను హైదరాబాద్ నుంచి ఇంకా మంచి పెన్‌డ్రైవు పట్టుకెళ్ళాను. అది బ్రహ్మాండంగా బూటయ్యింది. డిస్కు మాత్రం ఒక్క అక్షరం చదవనివ్వలేదు. డాక్టరు చేతులెత్తేశాడు.

ఈ ఏడేళ్ళలో ఏం మారింది? నాకు తెలివి తగ్గలేదు (అనుకుంటున్నాను). పెన్‌డ్రైవూ చెడిపోలేదు. ఇది సరిగ్గా అర్థం కావాలంటే 1981 నుంచి మొదలుపెట్టాలి. కాస్త ఓపిక పట్టండి.

కంప్యూటరుకి కరెంటు ఇచ్చిన క్షణంలో దానికి ఏమీ తెలీదు. ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కు మీద ఉంటుంది, డిస్కు చదవాలంటే ప్రోగ్రాము కావాలి, ఆ ప్రోగ్రాము కూడా డిస్కు మీదే ఉంటుంది. తన బూటు పట్టీ తానే పట్టుకుని తనను పైకి లాక్కోవడం లాంటి పని కాబట్టే ఇంగ్లీషు వాళ్ళు దీనికి బూటింగ్ అని పేరు పెట్టారు. 1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీలో దీనికి వాడిన ఉపాయం చాలా సాదాది. బయోస్ అనే చిన్న ప్రోగ్రాము చిప్పులోనే కాల్చి పెట్టి ఉంటుంది. అది ఫ్లాపీలోని మొట్టమొదటి సెక్టారు, అంటే 512 బైట్లు, చదివి మెమరీలో 31,744 అనే చిరునామా దగ్గర పెడుతుంది. పెట్టి, అక్కడికి దూకేస్తుంది. అంతే. "నువ్వెవరు, ఎవరు పంపారు, ఎందుకొచ్చావు" ఏమీ అడగదు. ఆ 512 బైట్లలో ఏం రాసుంటే అదే యజమాని.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ మొదటి పీసీకి హార్డ్‌డిస్కే లేదు. 1983లో ఎక్స్‌టీ అనే మోడల్‌తో గానీ ఐబీఎం హార్డ్‌డిస్కు ఇవ్వలేదు. అంటే మొదట్లో ప్రతి బూటూ బయటి డిస్కుతోనే. పొద్దున్న ఆఫీసుకొచ్చి జేబులోంచి ఫ్లాపీ తీసి గుచ్చితేనే మిషను లేచేది. మనం ఇప్పుడేదో అత్యవసర వైద్యం అనుకునేది అప్పట్లో రోజువారీ కాఫీ లాంటిది. బయోస్ ఎందుకు ఏమీ అడగలేదంటే, అడగాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు. మిషను నీది, ఫ్లాపీ నీది, నీ టేబుల్ మీదే ఉంది. ఇక దొంగెక్కణ్ణించి వస్తాడు?

వచ్చాడు. 1986లో, లాహోర్ నుంచి. బాసిత్, అమ్జద్ ఫరూక్ అల్వీ అనే ఇద్దరు అన్నదమ్ములు రాసిన బ్రెయిన్ అనే వైరస్సు సరిగ్గా ఆ మొదటి 512 బైట్లలోనే కూర్చుంది. అసలు బూట్ సెక్టార్ని ఇంకోచోటికి జరిపి, ఆ చోటు పాడైపోయిందని గుర్తు పెట్టి, తాను ముందు లేచి ఆ తర్వాత అసలుదాన్ని లేపేది. వాడేవాడికి ఏ తేడా కనపడదు. ఇంకా వింత ఏమిటంటే వైరస్సులోనే తమ పేర్లు, షాపు చిరునామా, ఫోను నంబర్లు రాసి పెట్టారు, టీకా కోసం మమ్మల్ని సంప్రదించండి అని! తమ సాఫ్ట్‌వేరు దొంగిలిస్తున్నవాళ్ళని పట్టుకోవడానికే రాశామని వాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. అన్నట్టు, దొంగని పట్టుకోవటానికే మొదటి దొంగ పుట్టాడన్నమాట.

దాని వెనకే మిగతావీ వచ్చాయి. 1992 మార్చి 6న మైకెలాంజిలో అనే వైరస్సు డిస్కులన్నీ తుడిచేస్తుందని అమెరికా పత్రికలు గగ్గోలు పెట్టాయి. లక్షల్లో పోతాయన్నారు, పోయినవి వేలల్లోనే. ఇలాంటివి అంటుకునే పద్ధతి మాత్రం అందరికీ తెలిసిందే. రాత్రి ఫ్లాపీ డ్రైవులోనే మర్చిపోయి ఇంటికి పోతావు, పొద్దున్న స్విచ్చి వేస్తావు, బయోస్ ముందు ఆ ఫ్లాపీనే చదువుతుంది. అంతే, అది హార్డ్‌డిస్కులోకి దిగిపోతుంది.

మరి దీనికి మందు? ఇంకో ఫ్లాపీ! శుభ్రమైన మిషను మీద తయారుచేసి, మూల ఉండే చిన్న ప్లాస్టిక్ మీట జరిపి, ఇక రాయడానికి వీల్లేకుండా చేసిన బూట్ ఫ్లాపీ. వైరస్సు ఎంత తెలివైనదైనా ఆ మీటని దాటి రాయలేదు. యాంటీవైరస్ వాళ్ళ సలహా ఒకటే ఉండేది, ముందు శుభ్రమైన ఫ్లాపీతో బూట్ చెయ్యి, తర్వాత స్కాన్ చెయ్యి. (ఇప్పటి పెన్‌డ్రైవుల్లో చాలావాటికి ఆ మీట ఉండదు. ఎందుకు తీసేశారో నాకు ఇప్పటికీ కోపమే.) దొంగ వచ్చిన తలుపూ, వైద్యుడు వచ్చిన తలుపూ ఒకటే. బయోస్‌కి ఇద్దరి మధ్యా తేడా తెలీదు, తెలిసే మార్గమూ లేదు. మొత్తం కథంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఆ తర్వాత జరిగిన నలభై ఏళ్ళూ ఆ తలుపుని కాసేపు బార్లా తెరవడం, కాసేపు బిడాయించడం.

తెరిచిన కాలం సరదాగా ఉంటుంది, ముందది చెప్తాను.

ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ. టామ్ ఓసర్ అనే ఆయన అదే ఫ్లాపీని 1.722 ఎంబీకి సాగదీసి, దాంట్లో ఒక లైనక్సూ, డిస్కు మరమ్మతు సామాను అంతా కుక్కి టామ్స్ రూట్ బూట్ అని ఇచ్చాడు. మనవాళ్ళు ఆర్టీసీ బస్సులో సీట్లు సర్దుకున్నట్టు. ఈలోగా సీడీలు వచ్చాయి. కానీ బయోస్‌కి సీడీ అంటే ఏమిటో తెలీదు, దానికి తెలిసింది ఫ్లాపీ, హార్డ్‌డిస్కు మాత్రమే. 1995 జనవరిలో ఫీనిక్స్, ఐబీఎం కంపెనీల ఇంజనీర్లు కలిసి దీనికో ప్రమాణం రాశారు. కాలిఫోర్నియాలో వాళ్ళు కూర్చుని మాట్లాడుకున్న మెక్సికన్ హోటల్ పేరే దానికి పెట్టారంటారు, ఎల్ టొరిటో. మన ఇంజనీర్లు ప్యారడైజ్‌లో కూర్చుని ఏదైనా ప్రమాణం రాసుంటే దానికి ఆ పేరే ఉండేదన్నమాట :) ఉపాయం ఏమిటంటే, సీడీలో ఒక మూల ఫ్లాపీ బొమ్మ దాచిపెడతారు. బూటయ్యేటప్పుడు బయోస్ "ఇదిగో ఫ్లాపీ" అని అబద్ధం చెప్తుంది, లేచే ప్రోగ్రాము నమ్మేస్తుంది.

ఈ అబద్ధం తర్వాత కూడా మనకి చాలాసార్లు కనపడుతుంది. బూటు చరిత్రలో కొత్తగా వచ్చిన ప్రతి వస్తువూ పాతదాని వేషం వేసుకునే లోపలికి వచ్చింది, అచ్చం పగటి వేషగాళ్ళలాగా.

సీడీ నుంచే నడిచే లైనక్సులు 1992లో ఇగ్‌డ్రసిల్‌తోనే మొదలయ్యాయి గానీ, జనం చేతిలోకి వచ్చింది మాత్రం 2000 సెప్టెంబర్లో క్లౌస్ నాపర్ అనే జర్మన్ ఇంజనీరు విడుదల చేసిన నాపిక్స్‌తో. డెబియన్ మీద కట్టింది. అందులో రెండు గొప్ప విషయాలున్నాయి. ఒకటి, ఏ మిషనులో పెట్టినా వీడియో కార్డు, సౌండు కార్డు, నెట్‌వర్కు అదే కనిపెట్టుకునేది. ఆ రోజుల్లో లైనక్సులో సౌండు వచ్చిందంటే స్వీట్లు పంచేవాళ్ళని మా సీనియర్లు చెప్తారు. రెండోది, సీడీ 700 ఎంబీ అయినా ఫైళ్ళన్నీ అణిచిపెట్టి, అవసరమైన ముక్క మాత్రం అప్పటికప్పుడు విప్పుతూ, దాదాపు 2 జీబీ సరుకు అందులో పట్టించారు. హార్డ్‌డిస్కు మీద ఒక్క బైటు రాయకుండా పూర్తి డెస్క్‌టాపు. విండోస్ చచ్చిపోయిన మిషన్లోంచి ఫోటోలు బయటికి లాగడానికి ప్రపంచమంతా దాన్నే వాడింది.

మన దగ్గర ఇది ఎలా చేరిందనేది వేరే కథ. 256 కేబీపీఎస్ బ్రాడ్‌బ్యాండు మీద 700 ఎంబీ దించాలంటే ఆరు గంటల పైమాటే, అదీ మధ్యలో కరెంటు పోకపోతే. అందుకని లినక్స్ ఫర్ యూ లాంటి పత్రికలతో వచ్చే సీడీలే దిక్కు. 2005 నుంచి ఉబుంటు వాళ్ళు షిప్‌ఇట్ అని అడిగినవాళ్ళకల్లా ఊరికే ఇంటికి సీడీలు పంపారు, 2011 ఏప్రిల్లో ఆపేశారు. మా అన్నయ్య (పెదనాన్న గారబ్బాయి) అలమరలో ఆ అట్టకవరు సీడీలు ఇప్పటికీ ఉన్నాయి. పది తెప్పించుకుని, తొమ్మిది పంచుదామనుకుని, ఒక్కడు కూడా తీసుకోలేదట పాపం.

జనం తీసుకున్నది ఇంకోటి. సికింద్రాబాద్ సీటీసీలో గానీ అమీర్‌పేటలో గానీ కంప్యూటర్ బాగుచేసే ప్రతివాడి సంచిలో హైరెన్స్ బూట్ సీడీ ఉండేది. వడ్డించిన విస్తరి. పార్టిషన్లు సరిచేసేది, పాస్‌వర్డు తుడిచేది, పోయిన ఫైళ్ళు వెతికేది, పెన్‌డ్రైవుకి సరిపడే ఒక బుల్లి ఎక్స్‌పీ, అన్నీ ఒకే మెనూలో. పాత కూర్పుల్లో చాలావాటికి లైసెన్సు లేదన్న సంగతి అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. సొంతంగా అలాంటి విండోస్ సీడీని తయారుచేసుకోవడానికి మైక్రోసాఫ్టు దగ్గర విండోస్ పీఈ అని ఒకటి ఉండేది గానీ పెద్ద కంపెనీలకే ఇచ్చేవాళ్ళు. ఆ లోటు తీర్చడానికి బార్ట్ లాగర్‌వే అనే డచ్చాయన బార్ట్‌పీఈ రాశాడు. వైద్యం ఆపి ఉంచితే నాటువైద్యం పుట్టుకొస్తుంది, ఇక్కడా అంతే.

ఇక పెన్‌డ్రైవు. 2000లో వచ్చింది. ఐబీఎం అమ్మిన డిస్క్‌ఆన్‌కీలో 8 ఎంబీ పట్టేది, అప్పటికి అదే గొప్ప. మళ్ళీ పాత సమస్య, బయోస్‌కి పెన్‌డ్రైవంటే తెలీదు. కాబట్టి మళ్ళీ వేషాలు. పాత బయోస్ మెనూలో యూఎస్‌బీ-ఎఫ్‌డీడీ, యూఎస్‌బీ-జిప్, యూఎస్‌బీ-హెచ్‌డీడీ అని మూడు కనపడేవి గుర్తుందా? అంటే "నువ్వు ఫ్లాపీ వేషంలో వస్తావా, జిప్ డిస్కు వేషంలో వస్తావా, హార్డ్‌డిస్కు వేషంలో వస్తావా" అని అడగటం. ఒక మిషన్లో లేచిన పెన్‌డ్రైవు పక్క మిషన్లో లేవకపోవడానికి కారణం ఇదే. దానికి అనుకున్న వేషం వేరు, నువ్వు కట్టిన వేషం వేరు.

ఎక్స్‌పీని పెన్‌డ్రైవు నుంచి నడపాలని చూసినవాళ్ళకి నీలం తెర మీద 7బీ అనే తప్పు గుర్తుండే ఉంటుంది. అందులో జరిగేది తెలిశాక నాకు నవ్వాగలేదు. ఎక్స్‌పీ సగం లేచాక తన యూఎస్‌బీ డ్రైవరుని మొదలుపెడుతుంది. ఆ డ్రైవరు మొదట చేసే పని యూఎస్‌బీ మొత్తాన్ని రీసెట్ చెయ్యడం. అప్పుడు తాను ఏ డిస్కు మీదనుంచి లేస్తోందో ఆ డిస్కే మాయమైపోతుంది. కూర్చున్న కొమ్మని నరుక్కోవటం అంటే అదే.

ఈ వేషాలన్నిటిలోకీ నాకు బాగా నచ్చింది ఐసోహైబ్రిడ్. హెచ్. పీటర్ ఆన్విన్ 1994 నుంచీ రాస్తున్న సిస్‌లైనక్స్ అనే బూట్ లోడర్లో, 2008లో ఇది చేరింది. సీడీల ప్రమాణంలో మొదటి 32 కేబీ ఖాళీగా వదిలేయాలని రాసి ఉంది, ఎవరికి కావలసింది వాళ్ళు పెట్టుకోవచ్చని. సీడీ చదివేవాడు ఆ ఖాళీని చూడనే చూడడు. హార్డ్‌డిస్కు అనుకుని చదివేవాడు మొట్టమొదట చూసేది సరిగ్గా అక్కడే! ఇంకేముంది, ఆ ఖాళీలో హార్డ్‌డిస్కుకి ఉండాల్సిన బూట్ సెక్టారు పెట్టేశారు. ఒకే ఫైలు, సీడీ మీద కాలిస్తే సీడీ, పెన్‌డ్రైవు మీద ఉన్నదున్నట్టు పోస్తే హార్డ్‌డిస్కు. ఎవరో ఎప్పుడో వదిలిన ఖాళీ జాగా ఇంకెవరికో ఇన్నేళ్ళకి పనికొచ్చింది. మన కోడ్‌లో రిజర్వుడ్ అని నాలుగు బైట్లు వదిలితే రివ్యూలో "ఇదెందుకు" అని అడిగేవాళ్ళకి ఈ కథ చెప్పండి.

పోయడానికి లైనక్సులో డీడీ అనే కమాండు. నేనూ ఓసారి బీ అనే అక్షరం బదులు ఏ అని కొట్టి, పెన్‌డ్రైవు మీద పోయాల్సింది నా సొంత డిస్కు మీదే పోసుకున్నాను. డీడీ ఏమీ అడగదు, అది కూడా బయోస్ చుట్టమే.

సీడీ డ్రైవు లేని చిన్న లాప్‌టాపులు 2007 నుంచి మొదలవగానే మైక్రోసాఫ్టుకీ తప్పలేదు. 2009 అక్టోబర్లో విండోస్ 7ని పెన్‌డ్రైవుకి ఎక్కించే ఉపకరణం ఒకటి ఇచ్చింది. నెల తిరక్కుండానే అందులో జీపీఎల్ లైసెన్సు కింద ఉన్న వేరేవాళ్ళ కోడు ఉందని బయటపడింది. వెనక్కి తీసుకుని, డిసెంబర్లో సోర్సు కోడుతో సహా మళ్ళీ విడుదల చేశారు. బయట కంపెనీకి రాయమని ఇచ్చాం, చూసుకోవాల్సింది మేమే అని ఒప్పుకున్నారు. 2011 చివర్లో పీట్ బటార్డ్ రూఫస్ తెచ్చాడు. 2020లో వెంటాయ్ వచ్చాక పెన్‌డ్రైవులో ఐఎస్ఓ ఫైళ్ళు ఊరికే పడేస్తే చాలు, మెనూ అదే ఇస్తుంది.

నేను 2016లో బాబాయి కొట్లో డాక్టరు వేషం వేసింది ఈ తెరిచిన కాలం చివర్లో. ఆ మిషను పాత బయోస్‌ది. 1981 నాటి మర్యాదే. పెన్‌డ్రైవుని ఏమీ అడగలేదు.

ఇప్పుడు బిడాయించిన కథ.

నేను పెన్‌డ్రైవుతో బాబాయి డిస్కు తెరిచాను కదా. ఆ కొట్లో ఎవరు కూర్చున్నా తెరవొచ్చు. పాస్‌వర్డు విండోస్ అడుగుతుంది, డిస్కు అడగదు. విండోస్‌ని లేపకపోతే పాస్‌వర్డూ లేదు. లాప్‌టాపు పోగొట్టుకున్నవాడికి పోయేది లాప్‌టాపు ఒక్కటే కాదు. అందుకని డిస్కుని గుప్తం చెయ్యడం మొదలుపెట్టారు, 2007లో విస్టాతో పాటు బిట్‌లాకర్ వచ్చింది. దానికి పెన్‌డ్రైవులే మళ్ళీ సవాలు విసిరాయి. 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు మెమరీ చిప్పుల మీద చల్లటి గాలి కొట్టి, మిషను ఆపి, వెంటనే చిన్న ప్రోగ్రాముతో బూట్ చేసి, అందులో ఇంకా చెరిగిపోని తాళంచెవుల్ని బయటికి లాగి చూపించారు. 2009లో జొవానా రుట్కోవ్‌స్కా ఇంకా సులువైనది చూపించింది. హోటల్ గదిలో లాప్‌టాపు వదిలి కిందకి టిఫినుకి వెళ్తావు. ఒకరు వచ్చి పెన్‌డ్రైవుతో బూట్ చేసి, ఒకట్రెండు నిమిషాల్లో ట్రూక్రిప్ట్ అనే గుప్తలేఖన సాఫ్ట్‌వేరు బూట్ లోడరుని మార్చేసి వెళ్తారు. నువ్వొచ్చి పాస్‌వర్డు కొడితే అది రాసిపెట్టుకుంటుంది. దీనికి దుష్ట పనిమనిషి దాడి అని పేరు పెట్టారు. గది ఊడ్చే మనిషి మీద ఆ నింద ఎందుకో నాకర్థం కాదు, ఆ పని చేసేవాళ్ళు సూట్లు వేసుకునే వస్తారు.

చూడండి, బ్రెయిన్ వైరస్సు 1986లో చేసింది కూడా ఇదే కదా. అసలుదాని ముందు కూర్చోవడం.

దానికి జవాబుగా రెండు తాళాలు పడ్డాయి. మొదటిది సెక్యూర్ బూట్. అప్పటికి బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చింది. అది 512 బైట్లు గుడ్డిగా చదవదు, ఫ్యాట్ పార్టిషన్లో ఫలానా ఫోల్డర్లో ఫలానా పేరుతో ఉన్న ఫైలుని వెతుకుతుంది. (ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు, విండోస్ ఇన్‌స్టాల్ ఫైలేమో దాన్ని దాటేసింది. మనందరికీ ఒక్కో ఆదివారం తినేసిన తలనొప్పి అది.) 2012లో విండోస్ 8తో పాటు కొత్త మిషన్లన్నిటికీ ఇంకో నియమం చేరింది. ఆ ఫైలు మీద నమ్మదగినవాళ్ళ డిజిటల్ సంతకం ఉండాలి. నమ్మదగినవాళ్ళు ఎవరు? మిషన్లో ముందే పెట్టొచ్చిన చెవులు మైక్రోసాఫ్టువి. ఇక లైనక్సు పని అయిపోయిందని పెద్ద గొడవ జరిగింది. మాథ్యూ గారెట్ 2012 చివర్లో షిమ్ అనే చిన్న ప్రోగ్రాము రాసి, దానికి మైక్రోసాఫ్టు సంతకం తెచ్చి, ఆ షిమ్ వెనకనుంచి మిగతా లైనక్సుని లేపే దారి చూపించాడు. అందుకే ఇప్పటికీ ఉబుంటు పెన్‌డ్రైవు కొత్త లాప్‌టాపులో లేస్తోంది. లేస్తోంది అంటే, ఒకరి అనుమతి మీద లేస్తోంది. 2024 ఆగస్టులో విండోస్ అప్‌డేట్ ఒకటి పాత షిమ్‌లని రద్దు చెయ్యగానే, రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెట్టుకున్న చాలామందికి లైనక్సు లేవడం మానేసింది. తెర మీద "ఏదో ఘోరమైన పొరపాటు జరిగింది" అనే అర్థం వచ్చే వాక్యం. నిజమే మరి.

రెండో తాళం డిస్కుది. మదర్‌బోర్డులో టీపీఎం అనే చిప్పు ఉంటుంది. బూటయ్యే ప్రతి మెట్టునీ అది కొలిచి పెట్టుకుంటుంది. రోజూ లేచే దారిలోనే లేస్తే డిస్కు తాళంచెవి ఇస్తుంది. పెన్‌డ్రైవు నుంచి లేస్తే కొలతలు తేడా వస్తాయి, చెవి ఇవ్వదు. బోర్డు మారిస్తే ఆ చిప్పే ఉండదు. అప్పుడు 48 అంకెల రికవరీ కీ ఒక్కటే దిక్కు. 2013లో విండోస్ 8.1 నుంచి, తగిన హార్డ్‌వేరు ఉండి మైక్రోసాఫ్టు ఖాతాతో లోపలికి వెళ్తే, ఈ తాళం దానంతటదే పడుతుంది. ఆ 48 అంకెలు ఆ ఖాతాలో దాచిపెడుతుంది. వాడేవాడికి చెప్తుందా అంటే, చెప్పినట్టే ఉంటుంది.

ఇప్పుడు 2023 అక్టోబరు. బాబాయి లాప్‌టాపు మీద వాన నీళ్ళు పడి బోర్డు కాలిపోయింది. సర్వీసు వాళ్ళు బోర్డు మార్చారు. లేపగానే నీలం తెర, 48 అంకెలు చెప్పమంది. బాబాయికి తెలిసింది నాలుగంకెల పిన్ను. ఖాతా ఎవరిది అంటే, కొన్న రోజు షాపులో కుర్రాడు ఏదో మెయిలు ఐడీ చేసి అన్నీ పెట్టి ఇచ్చాడు. ఆ కుర్రాడు అక్కడ మానేసి బెంగుళూరు వెళ్ళిపోయాడు. ఫోను పట్టుకున్నాను. "అన్నా, రోజుకి పది చేసేవాణ్ణి, ఏది ఎవరిదో నాకెట్లా గుర్తుంటది" అన్నాడు. నిజం చెప్పాడు.

నా పెన్‌డ్రైవు లేచింది, డిస్కు కనపడింది, పక్కన తాళం బొమ్మ. రెండు రోజులు కూర్చున్నాను. కూర్చుని చేసేదేమీ లేదని మొదటి గంటలోనే నాకు తెలుసు, అయినా బాబాయి పక్కన కుర్చీ వేసుకుని చూస్తున్నప్పుడు లేవబుద్ధి కాలేదు. మార్చిలో తీసిన బ్యాకప్ ఒకటి ఆడిటరు గారి దగ్గర దొరికింది. పోయింది ఖరీఫ్ మొత్తం. అరువులన్నీ పడేది ఖరీఫ్‌లోనే.

నాకు ఆ మిషను మీద కోపం రాలేదు, అదే విచిత్రం. అది చెయ్యాల్సిన పనే చేసింది. పెన్‌డ్రైవుతో వచ్చినవాడు మేనల్లుడో అన్న కొడుకో దానికి ఎలా తెలుస్తుంది? కొట్లోంచి ఎవరో ఎత్తుకెళ్ళి ఉంటే ఇదే నీలం తెరకి దణ్ణం పెట్టేవాణ్ణి. కోపం వచ్చింది తాళం వేసి, చెవి ఎక్కడ పెట్టిందో ఇంటాయనకి చెప్పని పద్ధతి మీద. 48 అంకెలు కాగితం మీద రాసుకునేదాకా ముందుకు పోనివ్వకపోతే ఏం పోయింది? "తర్వాత" నొక్కే బటను ఇవ్వకపోతే చాలు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2తో ఈ తాళం ఇంకా ఎక్కువ మిషన్లకి దానంతటదే పడటం మొదలైంది. గుప్తం చెయ్యడం మంచిదే, నేను దాని పక్షమే. ఎన్ని కొట్లలో ఎన్ని 48 అంకెలు ఎవరికీ తెలీని మెయిలు ఐడీల్లో ఉన్నాయో అని మాత్రం అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

ఇదంతా చదువురాని చోట జరిగే గొడవ అనుకోకండి. 2024 జూలై 19, శుక్రవారం, మనకి పొద్దున్న 9 గంటల 39 నిమిషాలకి క్రౌడ్‌స్ట్రైక్ ఒక చెడ్డ ఫైలు పంపింది. 10:57కి వెనక్కి తీసుకుంది. ఆ 78 నిమిషాల్లో మైక్రోసాఫ్టు లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ మిషన్లు కూలిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు, ఫోటో అందరూ చూసే ఉంటారు. బాగుచేసే పని ఎంత? ఒక ఫోల్డర్లో ఒక ఫైలు చెరిపెయ్యడం. దూరం నుంచి చెయ్యడానికి లేదు, మిషను లేస్తేగా. ప్రతి మిషను దగ్గరికీ మనిషి వెళ్ళాలి. మర్నాడే మైక్రోసాఫ్టు ఒక ఉపకరణం ఇచ్చింది. అదేమిటంటారా? బూటబుల్ పెన్‌డ్రైవు తయారుచేసేది! మేఘాలూ కృత్రిమ మేధా ఉన్న కాలంలో ప్రపంచం మొత్తం 1992 నాటి ఫ్లాపీ సలహాకి తిరిగొచ్చింది. పెన్‌డ్రైవు గుచ్చగానే మిషను అడిగింది మాత్రం 1992లో అడగనిది, 48 అంకెలు.

మా ఆఫీసులో ఆ రోజు హెల్ప్‌డెస్కు ముందు పెళ్ళి భోజనాల బంతిలా వరస. కీలన్నీ ఒక సర్వర్లో ఉన్నాయి, ఆ సర్వరూ అదే నీలం తెర మీద ఉంది. ఇనప్పెట్టె తాళం ఇనప్పెట్టెలోనే. మధ్యాహ్నానికి ఎవరో పాత ప్రింటవుట్ ఒకటి కనిపెట్టి దాన్ని లేపారు, అక్కణ్ణించి ఒకరు అంకెలు చదవడం, ఇంకొకరు కొట్టడం. నా వంతు వచ్చినప్పుడు అంకెలు రాసుకుంటూ బాబాయి గుర్తొచ్చాడు.

బాబాయి సంగతి చెప్పలేదు కదూ. ఆ ఏడు పంట వచ్చాక రైతులు ఒక్కొక్కరే కొట్టుకొచ్చారు. లెక్కలు పోయాయన్న మాట అప్పటికే ఊరంతా తెలుసు. వచ్చినవాళ్ళు తమ చీటీల్లో రాసుకున్నదో, గుర్తున్నదో చెప్పి కట్టి వెళ్ళారు. రానివాళ్ళు రాలేదు. మొత్తం మీద ఎంత వచ్చింది, ఎంత పోయింది అని రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ మాట మార్చాడు.

ఇప్పుడు కొత్త లాప్‌టాపు ఉంది, పక్కనే ఎర్ర అట్ట ఖాతా పుస్తకం కూడా ఉంది, రెండిట్లోనూ రాస్తున్నాడు. కిందటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు లాప్‌టాపులోంచి ఆ 48 అంకెలు తీసి, ఖాతా పుస్తకం మొదటి పేజీలో, శ్రీరామ అని పసుపు బొట్టు పెట్టిన చోట కింద, ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది వరసల్లో రాశాను. బాబాయి కళ్ళజోడు పెట్టుకుని కాసేపు చూసి, "ఇదెవరి ఫోన్ నంబర్రా, ఇంత పొడుగుంది?" అన్నాడు.